టీవీలో ఆదివారం ఆరాధన, వీధి చివర చర్చి: రెండింటికీ నా మార్కులు

నేను చిత్తూరు డిపోలో కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ వస్తువు కొన్నా, ఏ సేవ వాడుకున్నా ఉన్నది ఉన్నట్టు రాయడం నా అలవాటు. మిక్సీ మీద రాశాను, కళ్ళద్దాల దుకాణం మీద రాశాను, ఈసారి ఆదివారం ఆరాధన మీద రాస్తున్నాను. ఆరాధనకు మార్కులేమిటని ఎవరైనా కోప్పడేలోపే చెబుతున్నాను: ఈ మార్కులు దేవుడి పేరున మనుషులు నడుపుతున్న ఏర్పాట్లకు మాత్రమే.

పోల్చేది రెండింటిని. ఒకటి, పెద్ద నగరంలో పేరున్న ఒక పరిచర్యవారు, అంటే క్రైస్తవ బోధ చేసే సంస్థవారు, ప్రతి ఆదివారం యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఇచ్చే తెలుగు ఆరాధన. రెండోది, చిత్తూరులో మా వీధి చివర ఉన్న చర్చి. పరిచర్య పేరు రాయను. చర్చి పేరు అసలే రాయను, రాస్తే కమిటీవారు నా మీద సమావేశం పెడతారు.

ముందు టీవీ సంగతి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి స్మార్ట్ టీవీ, దాని కింద పెట్టే పొడుగాటి స్పీకరు కొనిచ్చి, ఆ చానల్ ఎలా తెరవాలో వాళ్ళమ్మకు నేర్పి వెళ్ళాడు. తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. జీవితమంతా బస్సు టైముకు తీయాలని డ్రైవర్లతో పోరాడినవాణ్ణి, ఈ ఒక్క గుణానికే సగం మార్కులు వేసేస్తాను. పాట చరణాలు కింద పెద్ద అక్షరాలతో వస్తాయి, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు. తబలా ఒక్క దెబ్బ తప్పదు. బోధకుడు చదువుకున్నవాడు, రోమా పత్రికను, అంటే బైబిల్లో పౌలు రోమావారికి రాసిన ఉత్తరాన్ని, నెలల తరబడి వచనం వచనంగా విప్పి చెబుతున్నాడు. మధ్యలో ఆపి, ఆయన ఎత్తిన వాక్యం బైబిల్లో చూసుకుని, మళ్ళీ నడిపించుకోవచ్చు. మా చర్చిలో పాస్టరు అయ్యగారిని అలా ఆపి చూడండి.

2020లో ఇదే లేకపోతే మా గతి ఏమయ్యేదో. మార్చి 25న దేశమంతా మూతపడింది. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్ళేవాళ్ళం, ఆ రోజు పడకగదిలో ఫోను ముందు కూర్చున్నాం. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పింది, అయినా 65 దాటినవారు ఇంట్లోనే ఉంటే మంచిదన్నారు. ఆ నెలల్లో ఆ పరిచర్యవారు చేసిన మేలు నేను మరచిపోను. తలుపులు తెరిచాక కూడా కొందరు సోఫా దిగలేదు, అది వేరే సంగతి. వాళ్ళ కోసమే ఈ సమీక్ష.

మనుషుల్ని లెక్కపెట్టడం నా వృత్తి కాబట్టి మొదట నా కన్ను పడింది అంకె మీదే. ఎంతమంది చూస్తున్నారో టీవీలో ఒక మూలన వస్తుంటుంది. నాలుగు వేల పైచిలుకు. ఆ నాలుగు వేలలో నేనూ నా భార్యా కలిసి ఒక్కరం. టీవీని అలాగే వదిలేసి నేను స్నానానికి వెళ్ళినా ఆ అంకె తగ్గదు. మా ఎదురింటివారు టీవీ నడిపిస్తూనే మార్కెట్టుకు వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటారు, వాళ్ళూ ఆ లెక్కలో ఉన్నారు. బస్సులో ఇలాంటి లెక్క రాసి ఉంటే తనిఖీవారు నన్ను ఆ స్టేజీలోనే దింపేసేవారు.

ప్రార్థన విన్నపాల ఏర్పాటు కూడా వాడి చూశాను. నా భార్యకు మోకాలి మార్పిడి చేయాలని వేలూరులో చెప్పినప్పుడు, తెర మీద కనిపించిన నంబరుకు వాట్సాప్‌లో వివరంగా రాశాను. కుడి మోకాలు, చక్కెర వ్యాధి ఉంది, భయపడుతోంది అని. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: సహోదరుడా, మీ విన్నపం మా ప్రార్థనా బృందానికి చేరింది, ధైర్యంగా ఉండండి. సంతోషించాను. కొడుక్కి ఉద్యోగం రావాలని మా ఎదురింటాయన పంపితే ఆయనకూ అక్షరం పొల్లుపోకుండా ఇదే జవాబు వచ్చిందని ఆ సాయంత్రమే తెలిసింది. మర్నాడు పరిచర్య భాగస్వాములుగా చేరమంటూ బ్యాంకు ఖాతా వివరాలు వచ్చాయి. అవి మాత్రం ఇప్పటికీ నెలనెలా వస్తున్నాయి. ఇందులో మోసం ఉందని నేననను. వేలమందికి జవాబివ్వాలంటే యంత్రమే ఇవ్వాలి. కానీ నా భార్య భయం తీర్చే పని యంత్రం వల్ల కాలేదు.

ఆ పని చేసింది మా చర్చిలో స్త్రీల మైత్రి అనే మహిళా బృందంలో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఆమెకు రెండు మోకాళ్ళూ మార్చారు. చర్చి ప్రకటనల్లో మా సంగతి విని మధ్యాహ్నం ఎండలో వచ్చింది. నన్ను హాల్లోంచి పంపేసి, తలుపు దగ్గరగా వేసి, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి కుట్ల గుర్తు చూపించిందట. "తాకి చూడు చెల్లీ, ఏమీ కాదు" అందట. తర్వాత ఇద్దరూ బయటికి వచ్చాక నా ముందే చెప్పింది: "మొదటి వారం ఏడుస్తావు. మూడో వారం వ్యాయామం చేయించే అమ్మాయిని తిట్టుకుంటావు. మూడు నెలలకు మా ఇంటి మెట్లెక్కి కాఫీకి వస్తావు." అంతవరకు డాక్టరు చెప్పినా వినని మనిషి ఆ రాత్రి సంచి సర్దుకుంది. రోగి ఉన్న ఇంటికి సంఘపెద్దలను పిలిపించుకోమని, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. పెద్దలు కూడా వచ్చారు, ప్రార్థించారు. కానీ ఆ మోకాలిని తాకి చూడమన్న మాటే మా ఇంట్లో నిలిచిపోయింది. ఆపరేషన్ తర్వాత ములక్కాడ సాంబారు ఒకేరోజు మూడు ఇళ్ళ నుంచి వచ్చింది. ఎవరు ఏ రోజు ఏం పంపాలో స్త్రీల మైత్రివారు ముందే అనుకుని ఉంటే బాగుండేది. ఇది చిన్న ఫిర్యాదు, రాసుకోవచ్చు.

ప్రభువు బల్ల సంగతికి వస్తాను, అంటే యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం. టీవీవారు ముందురోజే చెబుతారు, రొట్టె, ద్రాక్షరసం ఇంట్లో సిద్ధంగా పెట్టుకోండి అని. పెట్టుకున్నాం. బ్రెడ్డు ముక్కలు ప్లేటులో, రసం స్టీలు గ్లాసుల్లో. బోధకుడు రొట్టె ఎత్తి కృతజ్ఞతలు చెల్లించే సమయానికి వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. నా భార్య లేచి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చేలోపు అక్కడ పుచ్చుకోవడం అయిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ నడిపించాం. కొరింథు సంఘానికి తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు చెప్పిన మాట, భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నది, నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెర ఎవరి కోసమూ ఆగదు. మనమే దాన్ని ఆపుకోవాలి.

మా చర్చి దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) చెందింది. ఈ ప్రాంతపు పాత చర్చిలు చాలావాటికి మూలం 1853లో అమెరికా మిషనరీలైన స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్. వేలూరు ఆస్పత్రిని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ కూడా ఆ వంశంలోని మనిషే. ఆ తర్వాత 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలవారంతా మద్రాసులో ఈ సంఘంగా ఒక్కటయ్యారు. పుట్టుకలోనే పడనివాళ్ళు పక్కపక్కన కూర్చున్న సంఘం ఇది. దాని ఆరాధన క్రమంలో ఒక భాగం ఉంది. బల్లకు ముందు ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, ఇచ్చుకుంటాం. ఇచ్చేవారు తమ రెండు అరచేతుల మధ్య పుచ్చుకునేవారి చేతిని మూస్తారు. పుచ్చుకున్నవారు పక్కవారికి అలాగే ఇస్తారు. ముందు వరస నుంచి వెనక గోడ దాకా అది చేతులు మారుతూ వెళుతుంది.

మా చర్చి ప్రహరీ గోడ కట్టినప్పుడు సిమెంటు బస్తాల లెక్కలో నాకు అనుమానం వచ్చింది. సర్వసభ్య సమావేశంలో లేచి బిల్లులు అడిగాను. కోశాధికారికి హార్డ్‌వేర్ దుకాణం ఉంది, సిమెంటు అక్కడిదే. ఆయనకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. వీధిలో ఎదురైతే ఇద్దరం షాపుల బోర్డులు చదువుకుంటూ నడిచేవాళ్ళం. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం వరసలో ఆయన నా పక్కకే వచ్చి కూర్చోవలసి వచ్చింది, వేరే చోటు లేదు. సమాధానం వచ్చే వేళకు ఆయన నా వైపు తిరిగాడు. నా చేయి తన చేతుల్లో మూశాడు. బస్తాలెత్తిన చేతులు, మొరటుగా ఉన్నాయి, చెమట పట్టి ఉన్నాయి. చెప్పవలసిన మాట చెప్పాడు. నేను దాన్ని నా పక్కనున్న కుర్రవాడికి ఇవ్వాలంటే ముందు ఆయన దగ్గర పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాను. అర్పణ తెచ్చి, సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే దాన్ని అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఏళ్ళ తరబడి విన్నాను, టీవీలో దాని మీద చక్కటి ప్రసంగం కూడా విన్నాను. సోఫాలో కూర్చుని విన్నప్పుడు సమాధానపడవలసిన సహోదరుడెవడూ గదిలో లేడు. సిమెంటు లెక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు. బిల్లులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను, ఇప్పుడు టీ తాగుతూ అడుగుతున్నాను.

యంత్రం మీద నాకు పగ లేదు. దూరాన ఉన్నవారికి మాట పంపడం మొదటి తరం నుంచీ ఉన్నదే, పౌలు రాసినవి ఉత్తరాలే. కానీ రోమావారికి అంత పెద్ద ఉత్తరం రాస్తూ మొదటి అధ్యాయంలోనే, మిమ్మల్ని చూడాలని ఎంతో కోరికగా ఉంది అంటాడు. ఎందుకట? నా విశ్వాసంతో మీరూ, మీ విశ్వాసంతో నేనూ ఆదరణ పొందాలని. అంతటి అపొస్తలుడు, అవతలివాళ్ళ దగ్గర తనకు కావలసినది ఉందంటున్నాడు. టీవీలో బోధకుడికి నా దగ్గర నుంచి కావలసింది ఏముంది, నెలనెలా భాగస్వామ్యం తప్ప? యోహాను రెండో పత్రిక మొత్తం 13 వచనాలే. రాయవలసినవి ఎన్నో ఉన్నా కాగితం, సిరాతో రాయడం ఇష్టం లేదు, వచ్చి ముఖాముఖి మాట్లాడతాను అని ముగించాడు. మూడో పత్రిక చివరా అదే మాట.

హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనాన్ని మన కాపరులు, అంటే పాస్టర్లు, హాజరుపట్టీలాగా వాడుతుంటారు. సమాజంగా కూడడం మానవద్దని ఉంది కదా, ఎందుకు రాలేదు అని. నేను వాళ్ళతో సగమే ఏకీభవిస్తాను. ఆ మాటకు ముందు 24వ వచనం ఉంది. ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోండి అని. కూడేది ఆ పని కోసం. వచ్చి, కుర్చీలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే చెప్పులు వేసుకుని పరుగెత్తేవాడు ఆ వచనాన్ని పాటించినట్టు కాదు. అతనికీ సోఫాలో కూర్చున్నవాడికీ నా దృష్టిలో ఆటో ఖర్చే తేడా.

ప్రథమఫలాల పండుగ, అంటే తొలి పంటను దేవుడికి తెచ్చే రోజు, దాని గురించి రాయకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. టీవీవారు కూడా జరుపుతారు. వేదిక మీద పండ్ల బుట్టలు, మెరిసే ద్రాక్ష గుత్తులు (ప్లాస్టిక్‌వని నా అనుమానం), తెర మీద క్యూఆర్ కోడ్. మా దగ్గర ఆ రోజు చర్చిలోకి అడుగుపెడితే వాసన మారిపోయి ఉంటుంది. గుమ్మడికాయలు, పచ్చి వేరుశనగ కట్టలు, అచ్చు బెల్లం, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు, ఇంట్లో చేసిన కేకులు, ఎవరో కుట్టి తెచ్చిన దిండు గలేబులు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. పాడించేది బెల్లం మండీలో పనిచేసే ఒకాయన, కాబట్టి ఆ గొంతు, ఆ వేగం వేరు. "గుమ్మడికాయ వంద, వంద, వంద... ఏమన్నా, మీ ఇంట్లో సాంబారు మానేశారా? నూట యాభై!" కొన్న వస్తువును మళ్ళీ వేలానికి ఇచ్చేయడం మా దగ్గర రివాజు. ఒకే గుమ్మడికాయ మూడు చేతులు మారి, మూడుసార్లు డబ్బు తెచ్చి, చివరికి అయ్యగారి ఇంటికే చేరుతుంది.

ఆ వేలంలో చూడవలసింది ధర కాదు, ఎవరు ఏది కొంటారన్నది. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇంటి వెనక చెట్టు నుంచి ములక్కాడలు కోసి, చీర అంచు చింపి కట్టగట్టి తెస్తుంది. ఆ కట్ట పైకెత్తగానే గాయకబృందం కుర్రవాళ్ళు ఒకరి మీద ఒకరు పోటీగా పాడతారు. ఆమె మెట్ల మీద కూర్చుని, "ఈ డబ్బుకు చెట్టే వస్తుంది కదరా, పిచ్చివాళ్ళారా" అని తిడుతుంది. తిడుతూనే ధర పెరిగేకొద్దీ మెడ చాచి చూస్తుంది. కట్ట అమ్ముడుపోయాక చుట్టుపక్కలవారిని అడుగుతుంది, ఎవరు కొన్నారు, ఎంతకు అని. రెండుసార్లు చెప్పించుకుంటుంది. ఆమె ఇంట్లో టీవీ ఉంది, అందులో ఆరాధనా వస్తుంది. ఆమె ములక్కాడలను పాడుకునేవారు మాత్రం అందులో లేరు.

ఇక మా చర్చి లోపాలు. తొమ్మిదికి మొదలు కావలసినది తొమ్మిదీ ఇరవైకి మొదలవుతుంది, పెళ్ళి ముహూర్తాల కాలంలో ఇంకా ఆలస్యం. మైకు కూత చెవులు చిల్లులు పొడుస్తుంది, దాన్ని సరిచేయడానికి లేచే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ప్రకటనలు ప్రసంగంతో పోటీపడతాయి. ప్రసంగం కొన్నిసార్లు మూడేళ్ళ కిందట విన్నదే. కమిటీ ఎన్నికలప్పుడు ఈ ఆవరణలో నడిచే రాజకీయాల ముందు పంచాయతీ ఎన్నికలు చిన్నపిల్లల ఆట.

వీటికన్నా పెద్ద తప్పు ఒకటి ఉంది. ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి వేరే ఊరి నుంచి వచ్చిన ఒక నర్సు అమ్మాయి, ఆమె భర్త వారాల తరబడి వెనక వరసలో కూర్చుని వెళ్ళారు. పలకరించినవారు లేరు. అందరం మా మా బంధువుల చుట్టూ చేరి కబుర్లాడుకున్నాం. ఆ జంట రావడం మానేశారు. టీవీ కనీసం, కొత్తగా చూస్తున్నవారికి స్వాగతం అంటుంది. ఒకే కప్పు కింద కూర్చున్నంత మాత్రాన సహవాసం పుట్టదు. కుర్చీ వదిలి అవతలి వరస దాకా నడవాలి. ఆ నడక మా చర్చిలో చాలామందికి ఇంకా అలవాటు కాలేదు.

టీవీ ఆరాధన ఎవరికి మంచిది? మంచం పట్టినవారికి, రాత్రి డ్యూటీ దిగినవారికి, ఇంటిపనికి కువైట్ వెళ్ళిన మా మేనకోడలిలాంటివారికి. అక్కడ శుక్రవారం సెలవు, తెలుగువారి కూడికలూ ఆ రోజే. కానీ ఆమెకు ప్రతి వారం బయటికి వెళ్ళనివ్వరు. రాత్రి పనయ్యాక ఫోనులో చూస్తుంది. ఆమెను సోఫా మీద కూర్చునేవారితో కలిపి మాట్లాడితే నేనే ఒప్పుకోను. ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకూ ఆదివారాలు దొరికేవి కావు. వేలూరు ట్రిప్పు మధ్య విరామంలో ఖాకీ బట్టలతో, భుజాన టికెట్ల సంచితో ఏదో ఒక తమిళ చర్చిలో వెనక నిలబడేవాణ్ణి. ఎవరో ఒకరు జరిగి చోటిచ్చేవారు. వాళ్ళ పేర్లు తెలియవు. ఆ జరిగిన చోటు మాత్రం బాగా తెలుసు, అర అడుగు బల్ల.

మార్కులు. టీవీకి బొమ్మ, శబ్దం విషయంలో అయిదుకు అయిదు. ప్రసంగానికి నాలుగున్నర. సహవాసానికి వేయడానికి అక్కడ గడే లేదు. మా చర్చికి శబ్దంలో ఒకటిన్నర, అదీ గాయకబృందం మీద జాలితో. ప్రసంగానికి మూడు. సహవాసానికి నాలుగు, తగ్గించిన ఒకటి ఆ నర్సు అమ్మాయి పద్దు. నేను రెండూ వాడుతున్నాను. వారం మధ్యలో రోమా పత్రిక టీవీలో, ఆదివారం మాత్రం చర్చిలో.

కొత్తగా వచ్చేవారికి కొన్ని సూచనలు. ఏప్రిల్, మే నెలల్లో కుడివైపు కిటికీల పక్కన కూర్చోవద్దు, ఎండ నేరుగా పడుతుంది. ఎడమవైపు మూడో ఫ్యాను తిరుగుతుంది, నాలుగోది తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. నీళ్ళ సీసా తెచ్చుకోండి. ఆరాధన అయ్యాక ఇచ్చే టీలో చక్కెర ఎక్కువ, అయినా ఆగి తాగండి. ముందు మెట్లు అయిదున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నా భార్య కొత్త మోకాలితో వాటిని ఎక్కేటప్పుడు ఒకవైపు నేను, మరోవైపు ఆ టీచరమ్మ పట్టుకుంటాం. చక్రాల కుర్చీవారికి వాలుదారి వేయించమని కమిటీకి రాసి ఇచ్చాను, క్రిస్మస్ తర్వాత చూద్దామన్నారు. ఏ క్రిస్మసో చెప్పలేదు. అది వేసిన రోజున ఈ సమీక్ష సవరించి మరో అర మార్కు కలుపుతాను. సిమెంటు మాత్రం వేరే దుకాణంలో కొనాలి.